వెనక్కి తిప్పిన తారీఖు

మీరిప్పుడు ఫోన్లోనే ఫోటో దిద్దుతారు, ఫోన్లోనే దుకాణం తెరుస్తారు. కంప్యూటరున్న గదిలోకి చెప్పులు విడిచి, కాళ్ళు తుడుచుకుని వెళ్ళే కాలం ఒకటుండేదంటే నవ్వుతారు. నవ్వండి, తప్పులేదు. ఆ గది గుమ్మం దగ్గర స్టూలు వేసుకుని కూర్చున్నందుకే నేను జీతం తీసుకున్నాను.

క్యాంపస్‌లో ఒక పాత మేడ. పై అంతస్తులో దూరవిద్య వాళ్ళ స్టడీ సెంటర్, దాని చివర కంప్యూటర్ ల్యాబు. నేను అక్కడ అటెండర్ని. నా చదువు ఐదో తరగతి దగ్గరే ఆగిపోయింది. తాళం తీయడం, దుమ్ము తుడవడం, ఏసీ వేయడం, మిషన్లు ఆన్ చేయడం నా పని. వీటితో పాటు ఏ ఆర్డరులోనూ రాయని పని ఇంకొకటి ఉండేది. రోజూ పొద్దున తారీఖు వెనక్కి తిప్పడం.

అదేమిటో చెప్తాను, లేకపోతే ముందు కథ మీకు అందదు. మా దగ్గర వెబ్ డిజైన్ అని ఒక చిన్న కోర్సు ఉండేది. దాని పుస్తకమంతా ఒక ఖరీదైన సాఫ్ట్‌వేర్ మీద రాసి ఉంది. అది కొనడానికి మా ఇన్‌చార్జి సారు ఫైలు పెట్టారు. పైకి పోయిన ఫైలు కిందికి రాలేదు. ఆ కంపెనీ వాడు కొన్నాళ్ళు వాడి చూసుకోమని ఒక కాపీ ఊరికే ఇస్తాడు కదా, అదే అన్ని మిషన్లలో వేశారు. గడువు దాటితే అది తెరుచుకోదు. అందుకని పొద్దున మిషన్ వెలగగానే మూలనున్న గడియారం మీద నొక్కి, సారు చెప్పిన పాత తారీఖుకు తిప్పాలి. పిచ్చిది, తనకింకా గడువుందనుకుని తెరుచుకునేది. ఒక్కసారి అసలు తారీఖు కంటపడిందంటే మాత్రం అంతే. ఆ తర్వాత ఎంత వెనక్కి తిప్పినా మాట వినదు.

బయట తెలంగాణ ఉద్యమం. రోజుకో బంద్, పూటకో ర్యాలీ. నిన్న తెరిచున్న గేటు ఇవాళ మూసేస్తారు, ఇవాళ తిరిగిన బస్సు రేపు తిరగదు. మా ల్యాబులో మాత్రం ఎప్పుడూ ఒకటే రోజు, ఏనాటిదో ఒక మంగళవారం. మా జీతాలు మాత్రం అసలు తారీఖుల లెక్కనే వచ్చేవి, అదీ ఆలస్యంగా.

ల్యాబులో పాఠం చెప్పేది ఒక కుర్ర లెక్చరరు. తెలంగాణ పల్లె నుంచి వచ్చి, హాస్టల్లో ఉండి పీహెచ్‌డీ చేసుకుంటూ ఈ పని ఒప్పుకున్నాడు. నన్ను అక్కా అనేవాడు, నేను తమ్మీ అనేదాన్ని. పగలు పాఠం, సాయంత్రం మీటింగు. అతని గొంతు బాగున్న రోజు నేను చూడలేదు. నినాదాలిచ్చి ఇచ్చి ఎప్పుడూ బొంగురే. పిల్లలకు చెప్పాల్సింది సగం చేతులతో చెప్పేవాడు.

ఆ ఏడాది వచ్చిన బ్యాచ్‌లో ఒక పిల్ల ఉండేది. పదహారేళ్ళుంటాయి. మిగతావాళ్ళంతా డిగ్రీ అయినవాళ్ళు, చిన్నాచితకా ఉద్యోగాల వాళ్ళు. ఈ పిల్ల తార్నాక నుంచి తల్లితో వచ్చేది. తల్లి చర్చి బడిలో టీచరు, కోస్తా వైపు మనిషి. తండ్రి లేడు. పిల్లకు ఫిట్స్ వస్తాయి. క్లాసులో రెండుసార్లు పడిపోయేసరికి మిగతా పిల్లలు భయపడుతున్నారని బడివాళ్ళు వద్దన్నారట. అప్పటినుంచి తల్లే ఇంట్లో కూర్చోబెట్టి చదువు చెప్తోంది. ఈ కోర్సుకు బడి సర్టిఫికెట్ అడగరు కాబట్టి చేర్చింది. ఇది పాసైతే అదే దారిలో పై కోర్సుకు పోవచ్చు. పాసవకపోతే ఆ పిల్ల చేతిలో తన పేరున్న కాగితం ఒక్కటీ లేదు.

మొదటి రోజే పడిపోయింది. అప్పటి కంప్యూటర్లు మీరు చూసి ఉండరు, వెనక పెద్ద పొట్ట ఉండే డబ్బా టీవీల్లాంటివి. తెర సన్నగా అదురుతూ ఉండేది. ఆ సాఫ్ట్‌వేర్ తెరిస్తే పేజీ అంతా తెల్లగా కళ్ళలో పొడిచేది. పిల్ల కాసేపు చూసింది. చెయ్యి బిగుసుకుంది, కుర్చీలోంచి జారింది. నేను పరుగెత్తి కుర్చీ అవతలికి లాగి, పక్కకు తిప్పి పడుకోబెట్టాను. మా ఆడబిడ్డ కొడుక్కి ఇదే జబ్బు, నాకు అలవాటే. అందరూ చుట్టూ మూగారు. తాళాల గుత్తి చేతిలో పెట్టమని ఒకడు.

"తాళాలు వద్దు, ఏమొద్దు. గాలి రానియ్యుండ్రి. సినిమానా ఇది?" అని కసిరాను.

పిల్ల తేరుకున్నాక తల్లి నా చేతులు పట్టుకుంది. "తెరలు అదిరితే పడదని డాక్టరుగారు చెప్పారండీ. ఇక్కడా వద్దంటారేమో. అనకుండా చూడండమ్మా, మీకు పుణ్యముంటుంది."

వద్దనకుండా చూడడానికి నేనెవరిని? గుమ్మం దగ్గర మనిషిని. కానీ మా లెక్చరరు తమ్ముడు అక్కడే నిలబడి విన్నాడు. రెండు రోజుల తర్వాత ఒక సీడీ పట్టుకొచ్చాడు. ఆఫీసు గదిలో ఒక పలకలాంటి కొత్త రకం తెర ఉండేది, ఇన్‌చార్జి సారుది. బతిమాలి దాన్ని తెచ్చి మూల మిషనుకు తగిలించాడు. ఆ మిషనులో ఉన్నదంతా తీసేసి సీడీలోది ఎక్కించాడు.

"ఏంది తమ్మీ ఇది?" అన్నాను.

"లినక్స్ అక్కా. ఫ్రీ సాఫ్ట్‌వేర్."

"ఫ్రీ అంటే మళ్ళ మనం తారీఖు తిప్పుకోవాలెనా?"

పగలబడి నవ్వాడు, గొంతు లేకుండానే. "లేదక్కా. దీనికి గడువు లేదు. పైసలు లేవని గాదు ఫ్రీ అంటే. దీన్ని ఎట్ల జేసిండ్రో గది గూడ ఇప్పి చూడొచ్చు, మనకు తగ్గట్టు మార్చుకోవచ్చు, ఇంకొకళ్ళకు ఇయ్యొచ్చు. అడ్డం ఎవడూ రాడు."

నాకు అర్థమైంది ఇలా. పక్కింటావిడ పచ్చడి గిన్నె ఇస్తే ఆ పూటకు తింటాం. పాళ్ళు చెప్తే మన నోటికి తగ్గట్టు కారం తగ్గించి పెట్టుకుంటాం, మన వదినకూ చెప్తాం. ఇతను ఆ పిల్లకు కారం తగ్గించాడు. తెరంతా నల్లగా చేసి, దాని మీద అక్షరాలు లేత పసుపు రంగులో వచ్చేట్టు పెట్టాడు. అదురు లేదు, తెలుపు లేదు. పిల్ల దాని ముందు కూర్చుని గంటసేపు కదల్లేదు.

ఇంకో సీడీ తల్లికిచ్చి, ఇంట్లో ఉన్న పాత కంప్యూటర్లో వేసుకోమన్నాడు. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. మెడలో ఉద్యమం కండువాతో ఉన్న మనిషి, ఊరికే ఇస్తున్న వస్తువు. రెండింటికీ జంకింది.

"ఊరికే ఎందుకిస్తారండీ? తర్వాత ఏమైనా అడుగుతారా?"

"ఏమడగరు మేడమ్."

"మేం అటువైపు వాళ్ళం. మీకు తెలిసే ఉంటుంది."

అతను కండువా సర్దుకున్నాడు. "కొట్లాట రోడ్డు మీద మేడమ్. గీడ క్లాసు. హోంవర్కు చెయ్యకుంటే మాత్రం మీ బిడ్డతోని గూడ కొట్లాటనే."

అప్పుడు నవ్విందామె. ఆ తర్వాత ఎప్పుడొచ్చినా అతనికి గొంతుకని మిరియాలు, అల్లం వేసిన పాలు ఫ్లాస్కులో తెచ్చేది. అతను తాగి మళ్ళీ పోయి అరిచొచ్చేవాడు.

మూల మిషనుకు నేను తారీఖు తిప్పే పని తప్పింది. అన్నీ మంగళవారంలో ఉంటే అదొక్కటే ఇవాళ్టిలో ఉండేది.

కోర్సు చివర ఒక వెబ్‌సైటు చేసి చూపించాలి. మిగతావాళ్ళు హోటళ్ళకు, బట్టల కొట్లకు చేశారు. ఈ పిల్ల 'ఇవాళ దారి' అని పెట్టింది. తార్నాక నుంచి, సీతాఫల్‌మండి నుంచి, అంబర్‌పేట నుంచి క్యాంపస్‌కు రావాలంటే ఇవాళ ఏ గేటు తెరిచుంది, ఎక్కడ ముళ్ళకంచె వేశారు, షేర్ ఆటో ఎంతవరకు వస్తుంది, ఇవన్నీ. పేజీ పైన తారీఖు దానంతటదే వచ్చేది, కంప్యూటర్లో ఏది ఉంటే అది.

"ఇది ఎవరు చూస్తరు బిడ్డా?" అన్నాను ఒకరోజు.

"మా అమ్మ చూస్తుంది పెద్దమ్మా. బడి నుంచి రాలేక ఒకరోజు మూడు గంటలు చుట్టూ తిరిగొచ్చింది. నాకేమో ఒంట్లో బాలేదు, ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నాను. అప్పుడనిపించింది."

అప్పటినుంచి నేను అడిక్‌మెట్ నుంచి నడిచొస్తూ దారిలో చూసింది చెప్పేదాన్ని. పాలవాడినడిగి, చెత్తబండి వాళ్ళనడిగి మరీ చెప్పేదాన్ని. ఆ పిల్ల టకటకా కొట్టేది. నేను చెప్పిన మాట ఆ నల్ల తెర మీద పసుపు అక్షరాలై కనపడితే, ఏమో, నా వంట ఎవరో మెచ్చుకున్నట్టుండేది.

పరీక్ష రోజు బంద్. ముందే తెలిసినా హెడ్డాఫీసు వాళ్ళు వాయిదా వేయలేదు. ఆటోలు లేవు. పిల్ల, తల్లి తార్నాక నుంచి నడిచొచ్చారు. సగం మందే వచ్చారు. పరీక్ష మొదలైన కాసేపటికి కింద అరుపులు, పరుగులు, ఆ తర్వాత బాష్పవాయువు. ఏసీ పొగను లోపలికి లాగుతోందని ఆపేశాను. కిటికీ సందుల్లో తడి గుడ్డలు కుక్కాను. అందరి కళ్ళల్లో నీళ్ళు. తమ్ముడు కిటికీ దగ్గర నిలబడి కిందికి చూస్తున్నాడు. అతని తోటివాళ్ళంతా అక్కడున్నారు. ఇతనికి ఇక్కడ పరీక్ష.

"పో తమ్మీ, నేను చూసుకుంట" అన్నాను.

"ఏం జూస్తవక్కా? మిషన్ ఆగితే ఎవరు జెయ్యాలె?" అని ఉండిపోయాడు. అతని మొహం చూడలేకపోయాను.

అందరూ పూర్తి చేశారు. సీడీల్లో ఎక్కించి హెడ్డాఫీసుకు పంపాం. తర్వాత నెలల తరబడి చప్పుడు లేదు. సమ్మెలు, సెలవులు, మూతలు. జీతం కోసమే అడగడం మానేశాం, ఫలితాల గురించి ఎవరడుగుతారు? తల్లి మాత్రం వారానికోసారి వచ్చేది. "ఏమైనా తెలిసిందాండీ?" అని గుమ్మం దగ్గరే అడిగి, అక్కడి నుంచే వెళ్ళిపోయేది.

చివరికి ఫోనొచ్చింది. ఇన్‌చార్జి సారు మాట్లాడి పెట్టేసి, కుర్చీలో వెనక్కి వాలారు. మనిషి మంచివాడే. ల్యాబు మూతపడకుండా ఏళ్ళ తరబడి ఎన్నో తంటాలు పడి లాక్కొచ్చారు. ఆ తంటాల్లో తారీఖు తిప్పడం ఒకటి, అంతే.

"మొత్తం బ్యాచ్ ఆపేసిండ్రు" అన్నారు తమ్ముడితో. "సీడీల మీద తారీఖు జూసిండ్రంట. కోర్సుల చేరకముందే పరీక్ష రాసిండ్రా అని అడుగుతున్నరు. ఎవరివో పాతవి కాపీ కొట్టిండ్రంటున్నరు."

"పాపది సార్? మూల మిషన్‌ది?"

"దాని తారీఖు కరెక్టే. సాఫ్ట్‌వేర్ పుస్తకంలది గాదని అది గూడ ఆపిండ్రు."

తమ్ముడు తల పట్టుకున్నాడు. సారే ఒక తోవ చెప్పారు. సీడీలు వెనక్కి తెప్పిస్తారు. సరైన తారీఖుతో మళ్ళీ ఎక్కిద్దామని మిషన్లలో పరీక్ష రోజు తారీఖు పెట్టబోతే ఆ సాఫ్ట్‌వేర్ చచ్చిపోతుంది కాబట్టి అది కుదరదు. గడియారాల బ్యాటరీలు పోయాయి, అన్ని మిషన్లూ పాత తారీఖే చూపిస్తున్నాయి అని రాసిస్తారు. అయితే అన్నీ ఒకే తీరుగా ఉండాలి. ఒక్కటి వేరే తారీఖుతో, వేరే సాఫ్ట్‌వేర్‌తో ఉంటే ఆ మాట ఎవరూ నమ్మరు. కనుక ఆ పిల్ల వెబ్‌సైటు పుస్తకంలో ఉన్న సాఫ్ట్‌వేర్‌లో, పాత తారీఖుతో మళ్ళీ తయారు కావాలి. పిల్ల ఆ తెర ముందు కూర్చోలేదు కాబట్టి తమ్ముడే చేసి పెట్టాలి.

"గంట పని" అన్నారు సారు. "ఒక్కదాని కోసం అందరివి పోగొడ్తమా?"

ఆ మాట తార్నాకలో చెప్పి రావడం నా వంతు అయింది. రెండు గదుల ఇల్లు, మెట్ల కింద వంటగది. తల్లి బడి నుంచి అప్పుడే వచ్చి, చీర కూడా మార్చుకోకుండా కాపీలు దిద్దుతోంది. నేను చెప్పింది విని రెండు చేతులూ జోడించింది.

"చేసెయ్యమనండమ్మా. ఆ అబ్బాయి చేస్తే ఇంకా బాగా చేస్తాడు."

పిల్ల కంప్యూటర్ ముందు నుంచి లేచింది. "వద్దు."

"ఏంటే వద్దు? కాగితం వస్తుంది, నోరు మూసుకో."

"అది నేను చేసింది కాదు కదమ్మా. సార్ చేసింది. దాని మీద నా పేరుంటే పై కోర్సులో ఏం చెప్పను? అక్కడ కూడా సార్ వచ్చి చేస్తాడా?"

"దేవుడా!" తల్లి కాపీలు పక్కకు నెట్టింది. "ఎన్ని బళ్ళ గుమ్మాలు తొక్కానో తెలుసా నీకు? ఒక్కళ్ళు లోపలికి రమ్మనలేదు. ఒక్కటి, ఈ ఒక్కటి చేతికొస్తుంటే నీతులు చెప్తున్నావా నాకు?"

"నువ్వే కదా చెప్తావు, ఆదివారం చర్చిలో పిల్లలందరికీ!"

తల్లి చెయ్యెత్తింది. దించేసింది. పిల్లను కొడితే ఫిట్స్ వస్తాయేమోనని ఆ తల్లికి కొట్టే భాగ్యం కూడా లేదు. ఇద్దరివీ ఏడుపులు. మధ్యలో నేను, చేతిలో చల్లారిన టీ. ఎవరిది తప్పో చెప్పమంటే నేను ఇప్పుడు కూడా చెప్పలేను. రేపటికి కాగితం కావాలన్నది తల్లి, ఆ తర్వాతి రోజు సంగతి ఏమిటన్నది బిడ్డ.

మర్నాడు సారు నన్ను పిలిచి, "మూల మిషన్‌ల గూడ తారీఖు తిప్పు. ఆ పొల్ల ఫైళ్ళు దాంట్లనే ఉన్నయి, సాయంత్రం ఆయన వచ్చి జేస్తడు" అన్నారు.

సరేనని వెళ్ళాను. ఆ పిల్ల పేజీ అందులో తెరిచే ఉంది. చెప్పినట్టే గడియారం మీద నొక్కి వెనక్కి తిప్పి, పేజీ మళ్ళీ తెరిచి చూశాను. పైన తారీఖు మారిపోయింది. అదే పాత మంగళవారం. దాని కింద, తార్నాక గేటు మూశారు, అడిక్‌మెట్ వైపు నడిచి రావచ్చు, కళ్ళకు తడిగుడ్డ పెట్టుకోండి అని నేను చెప్పిన మాటలే. మిషన్లలో సాఫ్ట్‌వేర్ మొదటిసారి వేసిన ఆ మంగళవారం నాకు బాగా గుర్తుంది. ఆ రోజు గేట్లన్నీ తెరిచున్నాయి. పిల్లలు సైకిళ్ళ మీద ఈలలేసుకుంటూ పోయారు. ఏ కంచే లేదు.

కుర్చీ లాక్కుని అక్కడే కూర్చున్నాను. కోపమేమీ రాలేదు. అలసట వచ్చింది. రోజూ పొద్దున్నే లేచి, పొగలోంచి నడిచొచ్చి, ఇంత జరిగినా ఏమీ జరగనట్టు తారీఖు తిప్పడం నా వల్ల కాలేదు. మూల మిషనుకు మళ్ళీ అసలు తారీఖు పెట్టాను. లేచి పక్క మిషనుకూ అదే పెట్టాను. దాని పక్కదానికీ. గోడ దాకా పెట్టుకుంటూ పోయాను. తర్వాత ఒక్కొక్కదాంట్లో ఆ సాఫ్ట్‌వేర్ మీద నొక్కాను. గడువు ముగిసిందన్న డబ్బా ఒక్కొక్క తెర మీదా వచ్చి నిలబడింది.

సారు వచ్చి తెరలన్నీ చూశారు.

"ఏమైంది? ఎవరు జేసిండ్రిది?"

"నేనే సారు. ఇయ్యాల తారీఖు పెట్టిన."

"పిచ్చి లేసిందా నీకు? ల్యాబు మొత్తం సత్యనాశ్ జేసినవ్! ఇగ క్లాసు దేంతోని చెప్పాలె?"

"తమ్మి సీడీతోని సారు."

"నువ్వు చెప్తవా నాకు!" అని అరిచారు. మెట్ల మీద వాళ్ళంతా విన్నారు. వారంలో నన్ను కింద రికార్డు రూముకు మార్చేశారు. పాత జవాబు పత్రాల కట్టలు, బొద్దింకలు, కిటికీ లేని గది. అక్కడ దగ్గు పట్టుకుంది, రిటైరయ్యేదాకా వదల్లేదు.

కానీ ల్యాబు నడవాలి కదా. ఇంకో దారి లేక తమ్ముడు అన్ని మిషన్లలో ఆ ఫ్రీ సాఫ్ట్‌వేరే ఎక్కించాడు. బ్యాటరీల మాట ఇక పనికిరాదు. సారే హెడ్డాఫీసుకు వెళ్ళి, కూర్చుని, ఉన్నదున్నట్టు కాకపోయినా చాలావరకు చెప్పుకుని, ఈ సాఫ్ట్‌వేర్‌తో బ్యాచ్ అందరికీ మళ్ళీ పరీక్ష పెట్టించమన్నారట. ఆ రోజుల్లో వాదించే ఓపిక ఎవరికీ లేదు. కానివ్వండన్నారు.

మళ్ళీ పరీక్ష పొద్దున నేను కట్టల మధ్య ఉన్నాను. సారు తలుపు దగ్గరికి వచ్చారు. అప్పటికి నెలలైంది మా మధ్య మాటల్లేక.

"దా. ల్యాబు తెరువు. తాళం నీకే తొందరగ వస్తది."

"తమ్మి ఏడి సారు?"

"రాత్రి హాస్టల్ల ఎత్తుకపోయిండ్రు. స్టేషన్‌ల ఉన్నడు. సాయంత్రం ఇడుస్తరంట."

పైకి వెళ్ళి తెరిచాను. పరీక్ష చేసే సారు జిల్లా కాలేజీ నుంచి వచ్చారు, మధ్య వయసు మనిషి, ప్రయాణంలో నలిగిన చొక్కా. ఎదురు చూశాం. ఎవరూ రాలేదు. మెస్‌లు మూతపడి కొందరు ఊళ్ళకు పోయారు, కొందరి మీద కేసులు, కొందరికి ఏవో ఉద్యోగాలు దొరికాయి. మళ్ళీ ఎవడు రాస్తాడని తమ్ముడితో ఫోన్లోనే అన్నారట. కాసేపటికి మెట్ల మీద తల్లీకూతుళ్ళు కనిపించారు, చెమటతో, రొప్పుతూ. ఆ రోజూ ఆటోలు లేవు, మళ్ళీ నడిచే వచ్చారు.

"ఒక్కదాని కోసమేనా?" అన్నారు పరీక్ష సారు.

"ఒక్కతే వచ్చింది గదా సార్" అన్నారు మా ఇన్‌చార్జి సారు. "పెడుదాం."

పిల్ల మూల మిషను ముందు కూర్చుంది. తమ్ముడు లేడని తెలిసి మొహం చిన్నబోయింది. ఏదైనా ఆగిపోతే సరిచేసే దిక్కు లేదు. తల్లి గుమ్మం బయట నేల మీద కూర్చుంది. నేను లోపల, గోడకానుకుని.

బాగానే సాగింది. సగం అయ్యాక పిల్ల చేతులు ఆగిపోయాయి. కళ్ళు మూసుకుంది. ఎడమ చెయ్యి బల్ల అంచును పట్టుకుంది. కుర్చీకీ గోడకూ మధ్య ఎంత జాగా ఉందో చూసుకుంటున్నాను.

"ఏమైందమ్మా?" అని పరీక్ష సారు లేవబోయారు.

"కూసోండి సారు" అన్నాను మెల్లగా. "జర అలిసింది. కండ్లు మూసి తెరుస్తది."

తల్లి గుమ్మంలో లేచి నిలబడింది. లోపలికి రాలేదు. అందరం ఆ పిల్ల రెప్పల వంకే చూస్తున్నాం. కాసేపటికి కళ్ళు తెరిచింది. గ్లాసులో నీళ్ళు తాగింది. మళ్ళీ టకటకా మొదలైంది.

అయిపోయాక పరీక్ష సారు పేజీ అంతా చదివారు. ఏ ముక్క ఎందుకు రాసిందో, ఏది మారిస్తే ఏం మారుతుందో అడిగారు. రంగు మార్చి చూపించమన్నారు. పిల్ల చూపించింది. ఒకచోట తడబడింది, ఆలోచించి తనే దిద్దుకుంది.

"ఈ సీతాఫల్‌మండి వైపు తొవ్వ నిజంగ తెరిచున్నదా?"

"పొద్దున ఉంది సార్, అటునుంచే వచ్చాం. ఇప్పుడు నాకు తెలీదు. కింద మళ్ళీ అడిగి మార్చాలి."

ఆయన పెన్ను తీసి రాసుకున్నారు. సంతకం చేశారు. "మొత్తం బ్యాచ్‌ల ఫస్ట్ నువ్వేనమ్మా. లాస్టు గూడ నువ్వే" అన్నారు. పిల్ల గట్టిగా నవ్వింది. అంతకుముందు ఆ నవ్వు నేను వినలేదు.

గుమ్మం దగ్గర తల్లి అడ్డుపడింది. "పాసేనా అండీ?"

"అది నేను చెప్పొద్దమ్మా. హెడ్డాఫీసు నుంచి వస్తది." ఒక అడుగు వేసి ఆగారు. "ఇంటికి పోయి బువ్వ తినుండ్రి. ఫికర్ జెయ్యకుండ్రి."

కాగితం చాలా ఆలస్యంగానే వచ్చింది, కానీ వచ్చింది. దాంతోనే ఆ పిల్ల పై కోర్సులో చేరింది. తమ్ముణ్ణి ఆ సాయంత్రం కాదు, మర్నాడు వదిలిపెట్టారు. పరీక్ష అయిందని చెప్తే, గొంతు పూర్తిగా పోయి, రెండు చేతులూ పైకెత్తి ఊపాడు.

పరీక్ష అయిన ఆ మధ్యాహ్నం సారు నన్ను ఇంటికి పొమ్మన్నారు. తల్లీకూతుళ్ళను తార్నాక దాకా దింపి వద్దామని వాళ్ళతో నడిచాను. రోడ్డంతా ఖాళీ, ఎండ మాత్రం నిండా ఉంది. సగం దారిలో పిల్ల ఆగిపోయింది.

"పెద్దమ్మా, కాళ్ళు లాగుతున్నాయి."

ఫుట్‌పాత్ అంచు మీద ముగ్గురం చతికిలబడ్డాం. పిల్ల తల్లి ఒళ్ళో తలపెట్టుకుంది. ఆమె కూతురి నుదుటి చెమట కొంగుతో తుడిచి, నా వైపు తిరగకుండానే అంది:

"రాత్రంతా ప్రార్థన చేశానండీ. పాస్ చెయ్యమని అడగాలనే మోకరించాను. నోరు రాలేదు. కరెంటు పోకుండా చూడు తండ్రీ అని మాత్రం అడిగాను."

"పోలేదు గదమ్మా" అన్నాను.

"పోలేదండీ" అంది.

లేవాలని ఇద్దరికీ ఉంది. ఎవరూ లేవలేదు.